"మనం ఎప్పుడెళ్దాం రాకెట్లో?" అని అడిగే పిల్లలకు ఏం చెప్పాలి

అమ్మా, మీ ప్రశ్న చదివాను. ఎనిమిదేళ్ల పాప, స్పేస్ స్టేషన్‌కు వెళ్లొచ్చిన శుభాంశు శుక్లా వీడియోలు చూసినప్పటి నుంచి "మనం ఎప్పుడెళ్దాం, టికెట్టు ఎంత" అని రోజూ మీ ప్రాణం తీస్తోందనీ, పన్నెండేళ్ల బాబు "అదంతా కోటీశ్వరులకే పోవే" అని దాని నోరు మూయిస్తున్నాడనీ రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఖర్చు సంగతీ ప్రమాదాల సంగతీ చెప్పాలా దాచాలా అన్నది మీ సందేహం. నేను నెల్లూరు వైపు హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, మాకు పక్కూరి లెక్క. రాకెట్టు లేచిన మర్నాడు క్లాసులో పాఠం సాగేది కాదు, అన్నీ ఇవే ప్రశ్నలు. ఆ అనుభవంతో చెప్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో "అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు, అందుకే తేలతారు" అని పిల్లలకు ధైర్యంగా చెప్పేవాణ్ణి. నాకు మా సారు అలాగే చెప్పాడు మరి. ఒకరోజు ఎనిమిదో తరగతి అమ్మాయి లేచి, "మరి చంద్రుడు అంత దూరంలో ఉన్నా భూమి పట్టుకునే ఉంది కదా సార్?" అంది. నోట మాట రాలేదు. రేపు చెప్తానని తప్పించుకుని, ఇంటికెళ్లి కాగితం మీద లెక్క వేశాను. స్పేస్ స్టేషన్ తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున. అక్కడ భూమి లాగే బలం మన వాకిట్లో ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం ఉంటుంది. అంటే అక్కడున్నవాళ్లు తేలడం లేదు. పడుతున్నారు. పడుతూనే ఉన్నారు.

అందుకే నా సలహా: గ్రహాల పేర్లతో మొదలుపెట్టకండి. రాకెట్టు బొమ్మతో కూడా వద్దు. పైకి వెళ్లడం వేరు, పైన ఉండిపోవడం వేరు అన్న ఒక్క ముక్కతో మొదలుపెట్టండి. ఇది బుర్రకెక్కితే టికెట్టు ధర ఎందుకంత, పది నిమిషాల్లో తిరిగొచ్చేవాళ్లెవరు, పద్దెనిమిది రోజులు ఉండొచ్చేవాళ్లెవరు, అన్నీ పిల్లలే విడదీసుకుంటారు.

దీనికి ఒక లీటరు ప్లాస్టిక్ సీసా చాలు. అడుగుకు రెండంగుళాల పైన, పక్కన, మేకుతో ఒక చిల్లు పెట్టండి. వేలితో చిల్లు మూసి నీళ్లు నింపండి. మూత బిగించకండి, బిగిస్తే నీళ్లు రావు. మేడ మెట్ల మీద నిలబడి వేలు తీస్తే ధార పడుతుంది. అది పడుతుండగానే సీసా వదిలేయండి. కింద తగిలేదాకా చిల్లులోంచి నీళ్లు రావు. పిల్లలు మొదటిసారి నమ్మరు, ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూపించండి. సీసా, లోపలి నీళ్లూ కలిసి ఒకే తీరున పడుతుంటే, నీళ్లు సీసా మీద బరువు మోపవు. బరువు మోపకపోతే బయటికి నెట్టేదెవరు?

అసలు తమాషా దీని తర్వాత. ఈసారి సీసాను పైకి విసరండి. పైకి పోతున్నప్పుడు కూడా ధార ఉండదు! చేయి దాటిన క్షణం నుంచి మళ్లీ నేల తాకేదాకా ఆ సీసా "పడుతున్నట్టే" లెక్క. ఇక్కడ పెద్దవాళ్లే కాసేపు ఆలోచనలో పడతారు. నేను పడ్డాను.

విజయవాడలో పుట్టిన గోపీ తోటకూర 2024 మే 19న బ్లూ ఆరిజిన్ కంపెనీ వాళ్ల న్యూ షెపర్డ్ రాకెట్టులో వెళ్లొచ్చింది అచ్చం ఇలాగే. రెండు నిమిషాల పైచిలుకు ఇంజను మండింది, ఆగింది. మనుషులు కూర్చున్న గది, అంటే క్యాప్సూల్, విడిపోయింది. అక్కణ్నుంచి అది విసిరిన సీసా, లోపలున్న ఆరుగురూ సీసాలో నీళ్లు. నూరు కిలోమీటర్ల గీత దాటి, మూడు నాలుగు నిమిషాలు తేలి, పారాచూట్లతో టెక్సస్ ఎడారిలో దిగారు. మొత్తం కలిపి పది నిమిషాలు. మీ పాప బ్రష్ చేసుకుని పాలు తాగేంతలో అయిపోయింది. మన తెలుగమ్మాయి బండ్ల శిరీష 2021 జూలై 11న వెళ్లినదీ ఈ కోవలోదే. కాకపోతే వర్జిన్ గలాక్టిక్ వాళ్లది నేల మీద నుంచి లేచే రాకెట్టు కాదు. పెద్ద విమానం ఒకటి దాన్ని 14 కిలోమీటర్ల దాకా మోసుకెళ్లి వదిలితే, అప్పుడు రాకెట్టు అంటుకుని 86 కిలోమీటర్ల దాకా వెళ్లింది. ఆవిడ ఊరికే కిటికీలోంచి చూసి రాలేదు, ఫ్లోరిడా యూనివర్సిటీ వాళ్ల మొక్కల ప్రయోగం ఒకటి చేతిలో పట్టుకెళ్లి చేసింది. ఈ మాట పాపకు తప్పక చెప్పండి.

ఇక్కడ మీ ఇద్దరు పిల్లలకూ మంచి పోట్లాట పెట్టొచ్చు. అంతరిక్షం ఎక్కడ మొదలు? ప్రపంచంలో చాలామంది 100 కిలోమీటర్లంటారు, దాన్ని కార్మన్ రేఖ అంటారు. అమెరికా వాళ్లు 50 మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు దాటితే చాలంటారు. మరి 86 వెళ్లిన శిరీష అంతరిక్షానికి వెళ్లినట్టా, కానట్టా? మా క్లాసులో దీనిమీద ఒక పీరియడ్ మొత్తం గడిచింది. ఆఖరికి ఒకడు "గాలికి గీత తెలుసా సార్" అన్నాడు. నేను వాడికి మార్కులు వేశాను.

ఇప్పుడు బాబు వంతు. వదిలిన రాయి మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు కిందికి పడుతుంది. భూమి గుండ్రం కాబట్టి 8 కిలోమీటర్లు ముందుకు పోయేసరికి నేల కూడా 5 మీటర్లు కిందికి వంగుతుంది. మరి సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో రాయి విసిరితే అది నేలను ఎప్పుడు తాకుతుంది? వాణ్ణే చెప్పమనండి. రాయి పడుతుంటుంది, నేల తప్పుకుంటుంటుంది. పైన ఉండిపోవడమంటే ఇదే. స్పేస్ స్టేషన్ సెకనుకు సుమారు 7.7 కిలోమీటర్లు పోతుంది. మాకు నెల్లూరు నుంచి సూళ్లూరుపేటకు రైల్లో గంటకు పైన పట్టే దూరం దానికి 12 సెకన్లు. గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది కాబట్టి అందులో ఉన్నవాళ్లకు రోజుకు పదహారు సూర్యోదయాలు. "సంధ్యావందనం ఎన్నిసార్లు చెయ్యాలి సార్" అని అడిగినవాడు ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు.

లెక్కలు ఇష్టమైతే ఇంకో మెట్టు ఎక్కించండి. కిలో బరువును నూరు కిలోమీటర్ల ఎత్తుకు చేర్చే శక్తి ఒకటి అనుకుంటే, అదే కిలోకు కక్ష్యలో తిరిగేంత వేగం ఇవ్వడానికి కావలసినది సుమారు ముప్పై. వచ్చేటప్పుడు ఆ వేగమంతా వదిలించుకోవాలి, అదంతా వేడిగా పోతుంది. అందుకే శుక్లా క్యాప్సూల్‌కు కింద వేడిని తట్టుకునే మందపాటి కవచం ఉండాలి, గోపీ క్యాప్సూల్‌కు అంత అవసరం లేదు.

పాపకు ఇంత లెక్క వద్దు. ఒక ఫుట్‌బాల్, ఒక చిన్న బత్తాయి ఇవ్వండి. బంతి భూమి, బత్తాయి చంద్రుడు. "చంద్రుణ్ణి ఎంత దూరంలో పెట్టాలో పెట్టు" అనండి. నూటికి తొంభైమంది జానెడు, మూరెడు దూరంలో పెడతారు. అసలు దూరం ఆరున్నర మీటర్లు, అంటే హాల్లో బంతి ఉంటే బత్తాయి వీధి గుమ్మంలో. మరి స్పేస్ స్టేషన్? బంతి మీద 7 మిల్లీమీటర్లు, చిటికెన వేలు అడ్డం పెట్టేంత కూడా కాదు. గోపీ వెళ్లిన ఎత్తు రెండు మిల్లీమీటర్ల లోపు. పాప ముఖం చిన్నబోతుంది, పర్వాలేదు. నిజంగా ఎంత దగ్గరో తెలిశాకే, ఆ బత్తాయి దాకా 1969లో మనుషులు ఎలా పోయారన్న ఆశ్చర్యం పుడుతుంది.

ఇక డబ్బు. దాచకండి. మనం దాచినదాన్నే పిల్లలు ముందు కనిపెడతారు. సొంత డబ్బుతో స్పేస్ స్టేషన్‌కు వెళ్లిన మొదటి మనిషి డెనిస్ టిటో, 2001 ఏప్రిల్‌లో రష్యా సోయుజ్ నౌకలో, అరవై ఏళ్ల వయసులో. రెండు కోట్ల డాలర్లు కట్టాడని అప్పట్లో పత్రికలు రాశాయి. పది నిమిషాల రకానికి 2021లో వర్జిన్ గలాక్టిక్ వాళ్లు టికెట్టు నాలుగున్నర లక్షల డాలర్లకు అమ్మారు, మన లెక్కలో మూడు కోట్ల పైమాట. శుక్లా ప్రయాణానికి మన ప్రభుత్వానికి సుమారు 550 కోట్ల రూపాయలు అయిందని వార్తల్లో వచ్చింది. ఒక్క మాట, శుక్లాను టూరిస్టు అనుకోనివ్వకండి. ఆయన వాయుసేన గ్రూప్ కెప్టెన్, మన దేశం సొంతంగా మనుషుల్ని పంపబోయే గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురిలో ఒకరు. 2025 జూన్ 25న బయల్దేరి, మర్నాడు స్టేషన్ చేరి, జూలై 15న తిరిగొచ్చే దాకా ఆయన చేసింది ఉద్యోగం. పెసలు, మెంతులు మొలకెత్తించే ప్రయోగం కూడా అందులో ఉంది. పాపతో అదే రోజు ఒక గిన్నెలో పెసలు నానబోయించండి.

ఇంత ఖరీదు ఎందుకంటే నేను క్లాసులో చెప్పే ఉదాహరణ ఇది. హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చి దిగగానే ఆ బస్సును బ్యారేజీ మీద నుంచి కృష్ణలోకి తోసేస్తే, మళ్లీ వెళ్లడానికి కొత్త బస్సు కొనాల్సొస్తే, టికెట్టు ఎంతుంటుంది? చాలా ఏళ్లు రాకెట్ల సంగతి అదే. శ్రీహరికోటలో లేచినవి బంగాళాఖాతంలో పడేవి, ఇప్పటికీ పడుతున్నాయి. 2015 డిసెంబరులో స్పేస్‌ఎక్స్ వాళ్లు ఫాల్కన్ 9 రాకెట్టు కింది భాగాన్ని, అంటే బూస్టర్‌ను, నిలువునా నేల మీద దించారు. ఆ తర్వాత ఒకే బూస్టర్‌ను ముప్పైసార్లకు పైగా వాడిన సందర్భం కూడా ఉంది. మన ఇస్రో కూడా కర్ణాటకలో చిత్రదుర్గ దగ్గర రెక్కలున్న పుష్పక్ అనే వాహనాన్ని హెలికాప్టర్ నుంచి వదిలి, దానంతట అదే రన్‌వే మీద దిగేలా 2023 నుంచి పరీక్షలు చేసింది. బస్సును నదిలోకి తోయకుండా ఉంటే టికెట్టు తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది, ఎప్పటికి అన్నది ఎవరైనా కచ్చితంగా చెప్తే నమ్మకండి.

ఎందుకంటే ఈ కథ ఒకసారి జరిగింది. 1968 నుంచి మూడేళ్లపాటు అమెరికాలో పాన్ యామ్ అనే విమాన సంస్థ, చంద్రుడి మీదికి వెళ్లే మొదటి విమానాల కోసం వెయిటింగ్ లిస్టు తెరిచింది. డబ్బు కట్టక్కర్లేదు, పేరిస్తే నంబరు వేసిన కార్డు వచ్చేది. 93 వేలమందికి పైగా పేర్లిచ్చారు. 1991లో ఆ కంపెనీయే దివాలా తీసింది. కార్డులు మాత్రం మిగిలాయి. "నువ్వు పెద్దయ్యేసరికి రైలు టికెట్టంత అవుతుందిలే" అని పాపకు మాటివ్వకండమ్మా. కక్ష్య వేగానికి కావలసిన శక్తి తగ్గేది కాదు, ఏ కంపెనీ వచ్చినా ఆ ముప్పై రెట్లను మూడు రెట్లు చేయలేదు. యూట్యూబ్‌లో చంద్రుడి మీద హోటల్ వీడియోలు కనబడితే "ఇది ఫోటోనా, బొమ్మా?" అని అడగడం అలవాటు చేయండి. మా మనవడు ఇప్పుడు నన్నే అడుగుతున్నాడు.

బాబు అన్న "కోటీశ్వరులకే" అన్న మాట సగం నిజం. వాడికో పని పెట్టండి. ఒక నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసి, వెళ్లిన మనిషి, డబ్బు ఎవరిది, అక్కడ ఏం చేశారు అని నింపమనండి. రాకేశ్ శర్మ, 1984 ఏప్రిల్ 3, సోవియట్ వాళ్ల సాల్యూట్ 7 స్పేస్ స్టేషన్‌కు, మొత్తం ప్రయాణం ఏడు రోజుల పైన, రెండు ప్రభుత్వాల ఒప్పందం. శిరీష, అప్పటికి వర్జిన్ గలాక్టిక్ కంపెనీలో ఉద్యోగి. 2021 సెప్టెంబరులో హేలీ ఆర్సినో అనే ఇరవై తొమ్మిదేళ్ల అమ్మాయి మూడు రోజులు భూమి చుట్టూ తిరిగొచ్చింది. చిన్నప్పుడు ఎముక క్యాన్సర్ వస్తే ఏ ఆస్పత్రిలో బాగుచేశారో అప్పటికి అదే పిల్లల ఆస్పత్రిలో పనిచేస్తోంది, కాల్లో లోహపు కడ్డీ ఉంది. డబ్బు పెట్టింది ఇంకొకాయన. 2023 ఆగస్టులో ఆంటిగ్వా దీవికి చెందిన తల్లీ కూతుళ్లు ఒకే ప్రయాణంలో వెళ్లారు, విరాళాల డ్రాలో సీట్లు తగిలి. కూతురికి పద్దెనిమిదేళ్లు. ఈ పట్టిక నిండేసరికి బాబు తనంతట తనే మాట సవరించుకుంటాడు. సవరించుకోకపోయినా నష్టం లేదు, డబ్బు గురించి గట్టిగా అడిగే పిల్లాడు ఇంట్లో ఒకడుండాలి.

ఇప్పుడు ప్రమాదాలు. ఇక్కడ నేను చేసిన పెద్ద పొరపాటు చెప్తాను. ఒకసారి ఆరో తరగతి పిల్లలకు ముందూ వెనకా ఏమీ చెప్పకుండా ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన వీడియో చూపించాను. 1986 జనవరి 28, లేచిన 73 సెకన్లకు ఏడుగురూ పోయారు. అందులో క్రిస్టా మెకాలిఫ్ అనే స్కూలు టీచరు ఉంది కాబట్టి అమెరికాలో చాలా స్కూళ్లలో పిల్లలు దాన్ని టీవీలో లైవ్‌గా చూశారు. "మీలాంటి పిల్లలే చూశారు" అని గొప్పగా చెప్పాను కూడా. మర్నాడు ఒక పిల్ల తల్లి స్కూలుకొచ్చి, రాత్రంతా నిద్రపోలేదు సార్, నాన్న బస్సెక్కుతుంటే కూడా ఏడుస్తోంది అంది. ఆవిడ నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటినుంచి క్రమం మార్చాను. ముందు కాపాడే ఏర్పాట్లు, తర్వాత అవి పనిచేసిన సందర్భాలు, ఆ తర్వాతే, పిల్లలు తమంతట తాము అడిగితే, పనిచేయని సందర్భాలు. గోపీ వెళ్లిన క్యాప్సూల్ దిగుతున్నప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. అయినా అందరూ క్షేమంగా దిగారు. రెండు చాలేలా ముందే లెక్క వేసి పెట్టారు కాబట్టి. మూడోది ఎందుకు పెట్టారో ఇప్పుడు పాపకు అడక్కుండానే తెలుస్తుంది. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో గగన్‌యాన్ కోసం ఒక పరీక్ష చేశారు. రాకెట్టు దారి తప్పితే మనుషులున్న క్యాప్సూల్‌ను లాగి దూరంగా తీసుకెళ్లే ఏర్పాటు పనిచేస్తుందా అని. ఇంకో ఐదు సెకన్లలో లేస్తుందనగా కంప్యూటర్ ఆపేసింది. టీవీ ముందు పిల్లలంతా ఉసూరుమన్నారు. కారణం పట్టుకుని సరిచేసి పది గంటలకు ఎగరేశారు, క్యాప్సూల్ పారాచూట్లతో సముద్రంలో దిగింది. ఆపిన ఆ ఐదో సెకను గురించే నేను ఎక్కువసేపు మాట్లాడతాను.

కల్పనా చావ్లా గురించి పాప అడుగుతుంది. అడిగినప్పుడు తప్పించకండి. 1997లో ఒకసారి వెళ్లొచ్చింది, 2003 ఫిబ్రవరి 1న రెండోసారి తిరిగొస్తుంటే ఆమె ఉన్న కొలంబియా నౌక ముక్కలైంది. లేచేటప్పుడు ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఒకటి రెక్క అంచుకు చిల్లు పెట్టింది, దిగేటప్పుడు ఆ చిల్లులోంచి వేడి లోపలికి దూరింది. ఇంత చాలు. ఎనిమిదేళ్ల పిల్లకు కారణం తెలిస్తే భయం కొంచెం తగ్గుతుంది, "దేవుడు పిలిచాడు" అంటే పెరుగుతుంది. వీడియో అక్కర్లేదు. లైకా కుక్క సంగతి కూడా వస్తుంది, సిద్ధంగా ఉండండి. 1957లో దాన్ని తిరిగి తెచ్చే ఏర్పాటు లేకుండానే పంపారు, వేడికి కొన్ని గంటల్లోనే చనిపోయింది. "అది తప్పు కదా" అంటుంది పాప. అవునని ఒప్పుకోండి.

భయం గురించి ఇంత చెప్పాక ఆకాశం చూపించండి. స్పేస్ స్టేషన్ మీ మేడ మీద నుంచి మామూలు కళ్లకే కనబడుతుంది, దుర్భిణి అక్కర్లేదు. మీ ఊరి మీదుగా ఎప్పుడు పోతుందో నాసా వాళ్ల స్పాట్ ద స్టేషన్ యాప్ చెప్తుంది. పొద్దుగూకిన కాసేపటికో, తెల్లారే ముందో, శుక్రుడంత వెలుగుతో, మిణుకుమనకుండా, విమానం లైటులా ఆరి వెలగకుండా, ఐదారు నిమిషాల్లో ఆకాశం దాటేస్తుంది. ఒక్కోసారి నడిమధ్యలో హఠాత్తుగా మాయమైపోతుంది. మబ్బు కాదు, భూమి నీడలోకి వెళ్లిందన్నమాట. "అందులో ఇప్పుడు మనుషులున్నారు" అని ఆ క్షణంలో చెప్పండి. నేను ఎన్ని పాఠాలు చెప్పినా దక్కని నిశ్శబ్దం ఆ ఒక్క మాటకు దక్కింది.

వీలైతే శ్రీహరికోట కూడా తీసుకెళ్లండి. 2019 నుంచి షార్‌లో జనం కూర్చుని చూసే గ్యాలరీ ఉంది. ఆన్‌లైన్‌లో ముందే పేర్లు నమోదు చేసుకోవాలి, తెరిచిన కాసేపటికే సీట్లు అయిపోతుంటాయి. రైల్లో అయితే సూళ్లూరుపేటలో దిగాలి. పాస్ దొరక్కపోయినా దిగులు పడకండి, మా వాళ్లంతా మేడల మీద నుంచీ పులికాట్ పక్కన నుంచీ చూసేవాళ్లే. శీతాకాలమైతే సరస్సులో ఫ్లెమింగోలు అదనం. ఒక పని మాత్రం చేయించండి. రాకెట్టు కింద మంట కనబడగానే పిల్లల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టమనండి. మోత చెవికి చేరాక ఆపమనండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ఎంత దూరంలో నిలబడ్డారో వాళ్లే చెప్పేస్తారు. బయల్దేరే ముందే "ఆగిపోవచ్చు, అప్పుడు ఇడ్లీ తిని వచ్చేద్దాం" అని ఒప్పందం చేసుకోండి. చంద్రయాన్ 2 అర్ధరాత్రి దాటాక, ఇంకో 56 నిమిషాల్లో లేస్తుందనగా ఆగి, వారం తర్వాత 2019 జూలై 22న వెళ్లింది. పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువ చిరాకు పడతారు ఇలాంటప్పుడు. అంత దూరం రాలేకపోతే హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం ఎలాగూ ఉంది.

ఒంటి సంగతులు పిల్లలకు మహా ఇష్టం. గోడ మీద పాప ఎత్తు పొద్దున లేవగానే ఒక గీత, రాత్రి పడుకునే ముందు ఒక గీత పెట్టండి. రాత్రికి కాస్త తగ్గుతుంది. రోజంతా బరువు మోసి వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు నలుగుతాయి కాబట్టి. అక్కడ ఆ బరువు లేదు, అందుకే వ్యోమగాములు పొడవు పెరుగుతారు, తిరిగొచ్చాక మామూలైపోతారు. పని లేని ఎముకలు, కండలు మాత్రం అరుగుతాయి, అందుకే స్టేషన్‌లో రోజూ రెండు గంటల వ్యాయామం. గిర్రున తిరిగే కుర్చీలో తిప్పి ఆపితే వచ్చే కళ్లు తిరగడం లాంటిదే అక్కడ మొదటి రెండు మూడు రోజులు సగానికి పైగా మందికి ఉంటుంది, వాంతులతో సహా. మూడు కోట్లు పెట్టి వాంతి చేసుకుంటారా అని మీ బాబు నవ్వుతాడు, నవ్వనివ్వండి.

బాత్రూం గురించి మొదటి రోజే అడుగుతారు. నీళ్లు కిందికి పోవు కాబట్టి ఫ్యానుతో గాలి లాగుతుంది. మూత్రాన్ని శుద్ధి చేసి మళ్లీ తాగే నీళ్లు చేస్తారు. ఛీ అంటారు, అన్నాక భూమి మీద వాన నీళ్లు ఎక్కడ తిరిగొచ్చాయో అడగండి. తిండి విషయంలో మన పిల్లలకు ఒక ఆట: వంటింట్లో ఏవి స్టేషన్‌కు పనికొస్తాయి? ముద్దపప్పన్నం చెంచాకు అతుక్కుంటుంది, పాసు. మరమరాలు, జంతికలు ముక్కలై గాలిలో తేలి కళ్లలోకి, యంత్రాల్లోకి పోతాయి, ఫెయిలు. రొట్టె ముక్కల గోల లేకుండా అక్కడ బ్రెడ్డు బదులు మెక్సికో చపాతీలు తింటారు. శుక్లా క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం పట్టుకెళ్లారు. ముఖం ఉబ్బి ముక్కు దిబ్బడేసినట్టుండడం వల్ల రుచి తెలియక చాలామంది కారం ఎక్కువ అడుగుతారట. ఆవకాయకు అక్కడ మంచి గిరాకీ ఉంటుందని నా నమ్మకం.

ఇంకొక్కటి. అంతరిక్షమంటే ఎక్కి కూర్చునేవాళ్లే అనుకుంటే పిల్లల్లో చాలామంది మనకెందుకని వదిలేస్తారు. చంద్రుడి మీద నడిచినవాళ్ల సూట్లు కుట్టింది బాడీలు, లోదుస్తులు కుట్టే కంపెనీకి చెందిన దర్జీ ఆడవాళ్లు. ఒక్క కుట్టు తేడా వస్తే ఊపిరి పోతుందని తెలిసి కుట్టారు. మా ఊళ్లో కుట్టుమిషన్ నడిపే ఒకావిడ కూతురికి ఇది చెప్పినప్పుడు ఆ పిల్ల ఇంటికి పరుగెత్తింది. హైదరాబాద్ మిధానీలో రాకెట్లకు ప్రత్యేక లోహాలు పోతపోస్తారు. హైదరాబాద్‌లో కుర్రాళ్లు పెట్టిన స్కైరూట్ కంపెనీ రాకెట్టు విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్లు లేచింది. ప్రైవేటు రాకెట్టు మన దేశంలో అదే మొదటిది. మీ బాబు తొమ్మిదో తరగతికి వచ్చినప్పుడు ఇస్రో వాళ్ల యువికా ప్రకటన కోసం చూడండి, ఎంపికైతే ఎండాకాలం సెలవుల్లో రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో గడపొచ్చు. పోటీ గట్టిగా ఉంటుంది, రాకపోతే తిట్టకండి.

పాప మళ్లీ టికెట్టు అడిగితే నేనైతే ఇలా అంటాను: "ఇప్పటిదాకా వెళ్లినవాళ్లలో అందరికంటే చిన్నవాళ్లకు పద్దెనిమిదేళ్లు. నీకు ఇంకా పదేళ్లుంది. పది నిమిషాలదా, పది రోజులదా, ఏది కావాలో ముందు తేల్చుకో." మీ పాప వయసు పిల్ల ఒకతె నాతో "పది రోజులదే, కానీ అమ్మ కూడా రావాలి" అంది. పది నిమిషాలదీ పది రోజులదీ తేడా తెలియడానికి సీసా ఆట ఆడాలి కాబట్టి ఈ ఆదివారమే కానివ్వండి. సీసాలు రెండు మూడు దగ్గర పెట్టుకోండి, మొదటిది నేల తగలగానే పగులుతుంది. మెట్ల కింద ఎవరూ లేకుండా కూడా చూసుకోండి.